పంటు కోసం ఒక నిమిషం నలభై సెకన్లు

డ్యూటీ దిగి బట్టలు కూడా మార్చుకోకుండా వచ్చిన అన్నలకు, అల్ వర్సాన్ నుంచీ ఉమ్ అల్ క్వైన్ నుంచీ రెండేసి బస్సులు మారి వచ్చిన తమ్ముళ్ళకు, పనిచేసే ఇళ్ళలో సెలవు ఇచ్చేదాకా గుమ్మం దగ్గర నిలబడి సాధించుకొచ్చిన అక్కచెల్లెళ్ళకు దండాలు. ఈ మెస్ హాలు ఇంత నిండగా నేను చూడలేదు. బిర్యానీ పెట్టే రోజున కూడా ఇంతమంది రారు. మన సత్తిబాబు గారు ఉంటే ఈ మాట ఆయనే అని, మనందరినీ నవ్వించి కూర్చునేవాడు. ఆయన లేడు. పోయి పదకొండు రోజులైంది. అందుకే ఈ ఆదివారం జెబెల్ అలీలో ఈ కుర్చీలు వేసుకున్నాం.

నాగరత్నమ్మ వదినా, అక్కడ ఊళ్ళో నీకు వినబడుతోందా? శ్రీదుర్గ ఫోను పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. వినబడకపోతే ఆమెకు చెప్పు, నేను ఇంకా గట్టిగా మాట్లాడతాను.

నా పేరు హన్మంతు. షట్టరింగ్ కార్పెంటర్ని, ఇప్పుడు ఫోర్‌మన్ని. ఇరవై ఏడేళ్ళు ఆయన గదిలో, ఆయన పక్కన, ఆయన బ్యాండులో ఉన్నవాణ్ణి. సభ పెట్టిన మూర్తి గారు ఐదు నిమిషాల్లో ముగించమని చీటీ ఇచ్చారు. ఐదున్నరకి రెండో షిఫ్టు బస్సు ఉందని కూడా రాశారు. నాకు తెలుసు. నాకూ ఆ గోడ గడియారం కనిపిస్తోంది. కానీ మూర్తి గారూ, ఇప్పటిదాకా ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఆయన మంచివాడన్నారు. మంచివాడే. కాదని ఎవరన్నారు? మంచివాడు మంచివాడు అని మూడుసార్లు అనుకుని, రెండు నిమిషాలు తల వంచుకుని, బస్సెక్కి పోతే సరిపోతుందా? నాకు సరిపోదు. పదకొండు రోజులుగా నాకు కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది. ఈ మైకు దగ్గర కూడా కుదురుగా లేనని మీకు కనిపిస్తూనే ఉంది. నేను చేసిన ఒక తప్పు ఉంది. అది ఆయన ముందు ఒప్పుకోలేదు. మీ ముందు ఒప్పుకుంటాను. ఆయన ఇల్లాలు, మా వదిన వింటుండగా ఒప్పుకుంటాను.

ఆయన పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. లేబర్ కార్డు మీద ఆ పేరు పట్టలేదు. సగం దగ్గర తెగిపోయి, ముప్పై ఏళ్ళు ఈ దేశపు కాగితాల్లో ఆయన ఉత్త వీరవెంకట. గోదావరి వాళ్ళకి సత్తిబాబు గారు. నాకు సత్తన్న. ఏసీ మెకానిక్. ఎవరినైనా అండీ అనకుండా మాట్లాడేవాడు కాదు. సెక్యూరిటీ వాళ్ళని అండీ, వంటవాళ్ళని అండీ, చెడిపోయిన కంప్రెసర్ని కూడా అండీ. ఆయనకి కోపం వచ్చిందని తెలుసుకోవడానికి ఒకటే గుర్తు. మామూలుగా హన్మంతూ అనేవాడు కాస్తా హన్మంతు గారూ అనేవాడు.

తొంభై ఏడులో నేను వచ్చి నెల కాలేదు. పన్నెండు మంది గది. ఆ గదిలో సత్తన్నకి రెండే ఆస్తులు, ఒక పాత గిటారు, ఒక క్యాసెట్టు. రెండూ ఫెర్నాండో అని ఫిలిప్పీన్స్ వెల్డింగ్ ఫోర్‌మన్ దేశం వెళ్ళిపోతూ ఆయన చేతిలో పెట్టినవి. ఆ క్యాసెట్టు సైప్రస్ ఫెర్రీ అనే అమెరికా బ్యాండుది. మీలో సగం మందికి ఈ పేరు మా వల్లే తెలుసు. డెబ్బైల నాటి బ్యాండు. అమెరికాలో దక్షిణం వైపు, బురద నదుల పక్కన పుట్టిన వాళ్ళు. మిల్లు కూలీల పిల్లలు, పత్తి చేలల్లో పనిచేసిన వాళ్ళ పిల్లలు. రేకుల షెడ్డులో చెమట కారుతుంటే వాయించి వాయించి నేర్చుకున్నారంట. సత్తన్న మాకు వాళ్ళని పరిచయం చేసిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "వాళ్ళూ దక్షిణాదోళ్ళేనండి. అక్కడ కూడా ఉత్తరాదోళ్ళు వీళ్ళ యాస విని నవ్వుతారంటండి." అంతే, గదిలో పన్నెండు మందికీ ఆ బ్యాండు మన ఊరి పక్కది అయిపోయింది. సైటు మీద మన హిందీ విని నవ్వని వాళ్ళెవరు?

ఆ సంగీతంలో ఏముంది అని నన్ను చాలామంది అడిగారు. నేను చదువుకున్నవాణ్ణి కాదు, నా లెక్కలో చెబుతాను. మూడు గిటార్లు. మామూలుగా ఒకడు ముందు నిలబడి వాయిస్తాడు, మిగతావాళ్ళు వెనక ఉంటారు. ఇక్కడ ముగ్గురూ ముందే. ఒకే గోడ మీద ముగ్గురు మేస్త్రీలు పనిచేస్తే ఎవరి వరస వాళ్ళది, కానీ గోడ ఒకటే. ఒకడు ఆగినప్పుడు ఇంకొకడు అందుకుంటాడు. ఎవడూ ఎవణ్ణీ తొక్కడు. పాట తొమ్మిది నిమిషాలు, పది నిమిషాలు సాగుతుంది, దానికి ముగియాలని ఉండదు. అందులో దుఃఖం ఉంటుంది, కానీ కూర్చుని ఏడ్చే దుఃఖం కాదు. కాలు కదులుతూనే ఉంటుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడికి అలాంటి దుఃఖమే కావాలి. కూర్చోబెట్టేదైతే మళ్ళీ లేవలేం.

ఆ క్యాసెట్టులో మొదటి పాట మీకందరికీ తెలిసిందే. ఒక మనిషి నది ఒడ్డున నిలబడి ఇంటికి పోవడానికి ఫెర్రీ కోసం చూస్తుంటాడు. ఫెర్రీ అంటే ఏంటని మేం అడిగితే సత్తన్న, "పంటండీ, మా లంకకి వెళ్ళే పంటు" అన్నాడు. ఆయన ఊరు గోదావరి పాయల మధ్య లంక. పంటు వస్తేనే ఇల్లు, రాకపోతే రేవులో కూర్చోవడమే. ఆ పాటని ఆయన ఎలా విన్నాడో నేను వేరే చెప్పక్కర్లేదు. కొంచెం కొంచెం తిప్పుకుంటూ, ఒక్కో ముక్కా గిటారు మీద పట్టుకుంటూ నేర్చుకునేవాడు. ఒకరోజు సరిగ్గా పాట మధ్యకి వచ్చి, తర్వాతి ముక్క రేపు పట్టుకుందామని అక్కడ టేపు ఆపి స్నానానికి వెళ్ళాడు.

ఆ కాలంలో మనం ఉత్తరాలు రాసేవాళ్ళం కాదు. రాయడం అందరికీ వస్తే కదా. క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపేవాళ్ళం. పాతవాళ్ళకి గుర్తుంటుంది, తల ఊపుతున్నారు. ఆ రోజు కోరుట్ల ఆయన ఒకాయన ఊరికి బయల్దేరుతున్నాడు, గంటలో బండి. నాకు కొత్త. నా దగ్గర క్యాసెట్టు లేదు. టేప్ రికార్డర్లో ఒకటి ఉంది, దాని మీద ఇంగ్లీషు రాతలు. రికార్డు కాకుండా దాని మూల విరిచి ఉంది. నేను కాగితం ఉండచేసి ఆ బొక్కలో కుక్కాను. మీట నొక్కాను. "కిష్టవ్వా, నేను మంచిగున్న. నువ్వెట్లున్నవ్? బర్రె ఈనిందా? ఈనితే దూడ ఏందో చెప్పి పంపు. బాయికాడి మోటరు మల్ల కాలిందని ఇన్న..." అని మా ఇంటిదానితో మాట్లాడుతూ పోయాను. ఒక నిమిషం నలభై సెకన్లు. అప్పుడు సత్తన్న తుండు గుడ్డతో తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

నేను ఏం చేశానో ఆయన మొహం చూస్తే నాకు అర్థమైంది. తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. ఆయన అన్నది ఇదీ. "చెప్పాల్సింది అయిపోయిందాండి హన్మంతు గారూ? ఉంటే చెప్పేయండి. పోయింది ఎలాగూ పోయింది." ఆ గారూ అన్నందుకు క్యాసెట్టు తీసి ఆయన చేతిలో పెట్టేశాను. తర్వాత ఆయనే కొట్టుకి వెళ్ళి ఖాళీ క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కిష్టవ్వకి ఆ కొత్తది వెళ్ళింది. పాతది గదిలో ఉండిపోయింది.

ఇక చూడండి నా బతుకు. ఆ పాట పెట్టిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు అమెరికా వాళ్ళు వాయించడం, తర్వాత నేను బర్రె సంగతి అడగడం, మళ్ళీ అమెరికా వాళ్ళు. పన్నెండు మందికీ నా ఉత్తరం కంఠతా వచ్చేసింది. గిటార్లు ఆగగానే అందరూ కలిసి, "కిష్టవ్వా, బర్రె ఈనిందా" అని అందుకునేవారు. మస్కట్లో పనిచేసే మా బావమరిదికి కూడా తెలిసిపోయింది. ఈనింది, దున్నపోతు పుట్టింది, మీ అందరికీ చెబుతున్నాను, ఇక ఎవరూ అడగక్కర్లేదు.

కానీ సత్తన్న ఆ ఖాళీని వదల్లేదు. పాడైపోయిందని పక్కన పెట్టలేదు. ఏసీ పనిలో మిగిలిన రాగి పైపు ముక్క అరగదీసి, ఉంగరపు వేలికి తొడుక్కుని, తీగల మీద జార్చి వాయించడం మొదలుపెట్టాడు. ఆ అమెరికా వాళ్ళు సీసా మెడతో చేసేదాన్ని ఈయన రాగి గొట్టంతో చేశాడు. నెలల తరబడి కూర్చుని, నేను చెరిపేసిన ఒక నిమిషం నలభై సెకన్లకి తన ముక్క తను కట్టుకున్నాడు. ఆ ముక్క మీకు తెలుసు. మిగతా గిటార్లు ఆగిపోతాయి. ఆయన ఒక్కడే. నెమ్మదిగా, సాగదీసి, ఒక్కో స్వరం రేవు వైపు తల తిప్పి చూస్తున్నట్టు. నేను రెండో గిటారు నేర్చుకున్నది ఆ ముక్క ఆయన పక్కన నిలబడి వినడానికే. అలా మా పంటు బ్యాండు మొదలైంది. షావలి బేసు పట్టాడు, క్రేను నడిపే ప్రమోద్ మూడో గిటారు, శ్రీదుర్గ పాట. మనుషులు మారారు, కాంపులు మారాయి. ఆ ముక్క మారలేదు.

రెండు వేల ఇరవై ఏప్రిల్ గుర్తుందా? మర్చిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అంతస్తులకి తాళాలు. గుమ్మం ముందు అన్నం పొట్లాలు. మా అంతస్తులో రాజశేఖర్ తల్లి మెట్‌పల్లిలో పోయింది. విమానాలు లేవు. ఆ పిల్లవాడు తలుపు కూడా తీయలేదు, అన్నం ముట్టలేదు. గదుల్లో జనం తగ్గించాలని ఆ నెల సత్తన్నని మా గదిలోంచి ఎదురు వరసకి మార్చారు. సాయంత్రం నాలుగింటికి ఎదురు వరండాలో ఆయన కుర్చీ వేసుకున్నాడు, మూతికి మాస్కు, వేలికి రాగి ముక్క. అందరూ కిటికీల్లోంచి ఏదైనా హుషారైనది వాయించమన్నారు. ఆయన ఆ మధ్య ముక్క ఒక్కటే వాయించాడు. ముందూ లేదు, వెనకా లేదు. అయిపోగానే రాజశేఖర్ తలుపు తెరిచి, "మల్లొక్కసారి అన్నా" అన్నాడు. నాలుగుసార్లు వాయించాడు. ఖలాస్ చేయమని చెప్పడానికి వచ్చిన గార్డు మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రం రాజశేఖర్ అన్నం తిన్నాడు. రాజశేఖర్ ఇక్కడే ఉన్నాడు, కావాలంటే అడగండి.

ఆ గదిలో బందీగా ఉన్న రోజుల్లోనే నేను ఫోనులో వెతికి ఆ అసలు పాట పట్టుకున్నాను. ఇరవై మూడేళ్ళ తర్వాత, నేను చెరిపేసిన ముక్క విన్నాను. మీకు తెలుసా అక్కడ ఏముందో? మూడు గిటార్లూ కలిసి, ఒకదాన్నొకటి తరుముకుంటూ, జోరుగా వస్తాయి. ఫెర్రీ వచ్చేస్తుంది. అతను ఎక్కేస్తాడు. నది దాటేస్తాడు. నాకు ఒళ్ళు పులకరించింది. సిగ్గు కూడా వేసింది. ఇన్నాళ్ళూ మనం తప్పు వాయించామా? నా ఒక్కడి వల్లా?

తాళాలు తీశాక పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "సత్తన్నా, పంటు వస్తది. మనకు తెల్వక ఆపినం." ఆయన నవ్వాడు. "తెలుసండి. ఫెర్నాండో గదిలో రెండుసార్లు విన్నాను కదండీ" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మోస్తాను. "వాళ్ళకొచ్చిందండి. మనకింకా రాలేదు కదండీ."

ఇంత తెలిసీ నేను ఏం చేశాను?

పోయిన ఉగాదికి దుబాయ్‌లో పెద్ద ఆడిటోరియం. మన పంటు బ్యాండుకి పిలుపు. సూట్లు వేసుకున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఆ అసలు పాట తెలిసినవాళ్ళు వస్తారని నేనే గాభరా పడ్డాను. అసలుది అసలులాగే వాయించాలన్నాను. నవ్వుతారన్నాను. తప్పు సరిదిద్దుకునే అవకాశం వచ్చిందన్నాను. ఎవరి తప్పు? నా తప్పు. దాన్ని కడుక్కోవడానికి ఆయన ముక్క తీసేశాను. ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని ఒకటే మాట అన్నాడు. "మీ ఇష్టమండి హన్మంతు గారూ." ఆ గారూ నాకు వినబడింది. విననట్టు ఊరుకున్నాను. ఆ రోజు ఆయన వెనక నిలబడి తాళం పట్టినట్టు తీగలు కొట్టాడు. రాగి ముక్క జేబులోంచి తీయలేదు. చప్పట్లు బాగానే పడ్డాయి. చప్పట్లది ఏముంది.

తర్వాత ఆయన ప్రాక్టీసుకి రాలేదు. ఉమ్ అల్ క్వైన్ సైటుకి మార్పించుకున్నాడు. పిలిస్తే డ్యూటీ ఉందండీ అనేవాడు. పదకొండు నెలలు. ఇక్కడి నుంచి ఉమ్ అల్ క్వైన్ ఎంత దూరం? ఒక ఆదివారం పోలేనా? పోలేదు. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ గడిపేశాను. నాకు నామోషీ, అంతకంటే ఏమీ లేదు.

పదకొండు రోజుల కింద ఒక ఫ్యాక్టరీ పైకప్పు మీద మిషను బాగుచేసి, నిచ్చెన దిగి, నీళ్ళ సీసా పట్టుకుని "కాస్త కూర్చుంటానండి" అన్నాడంట. అంబులెన్సు వచ్చేసరికి లేడు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన సంచిలో పర్సు, తాళాలు, ఈ రాగి ముక్క ఉన్నాయి. చూడండి, ఇదిగో. పదకొండు నెలలు వాయించని మనిషి డ్యూటీ ప్యాంటు జేబులో ఇది ఎందుకు పెట్టుకు తిరిగాడు?

వదినతో ఫోనులో మాట్లాడాను. వదిన షార్జాలో ఇంటి పని చేసిన తొమ్మిదేళ్ళూ, ఊరికి పోయిన తర్వాతా, ఆయన ఆ ముక్క ఫోనులో వినిపించేవాడంట. ఆమె ఏడవలేదు. ఒకటే అడిగింది. "తమ్ముడూ, ఆయన ముక్క పాటలోంచి తీసేశారంట కదా, నిజమేనా?" ఫోను పెట్టేశాను, తర్వాత లైను తెగిందని అబద్ధం చెప్పాను. లైను తెగలేదు వదినా. నేనే పెట్టేశాను. నిజమే. తీసేశాను. నేనే తీసేశాను.

అందుకే ఈ సభలో ఒక మాట ఖాయం చేయాలి. ఆ బ్యాండు వారసత్వం గొప్పదని మనం అంటాం. వారసత్వం అంటే ఏంటి? వాళ్ళు వాయించింది వాయించినట్టు దించడమా? ఆ అమెరికా వాళ్ళు వాళ్ళ నది గురించి, వాళ్ళ యాసలో, ఎవరు నవ్వినా లెక్కచేయకుండా వాయించారు. సత్తన్న కూడా సరిగ్గా అదే చేశాడు. వాళ్ళ పాటని నిజంగా విన్నది ఆయనే. నేను దించాను, అంతే.

వదినా, ఇవాళ్టి నుంచి ఆ చోట ఆయన ముక్కే ఉంటుంది. ఎంత పెద్ద ఆడిటోరియం అయినా, ఎవరు వచ్చినా. నేను వాయిద్దామని ఈ రాగి ముక్క పెట్టుకుని చూశాను. సుత్తి పట్టిన వేళ్ళు, లావైపోయాయి, ఎక్కలేదు. ప్రమోద్ వేలికి పట్టింది. మీ ఫోన్లలో ఉన్న వీడియోలు, వాటి నిండా మీ ఈలలే అనుకోండి, అవన్నీ తెప్పించుకుని వారం రోజులుగా కూర్చున్నాడు. నలభై సెకన్లు వచ్చింది. ఇంకో నిమిషం రావాలి. వస్తుంది. తప్పు పోతే చెప్పడానికి నేను పక్కన ఉంటాను. ఆ ముక్క ప్రతి స్వరం నాకు తెలుసు, వేలే లేదు.

మూర్తి గారూ, మీరిచ్చిన ఐదు నిమిషాలు ఎప్పుడో దాటాయి, చూశాను. మీరు రెండు నిమిషాల మౌనం అన్నారు. నేను ఒక నిమిషం నలభై సెకన్లు అడుగుతున్నాను. ఇప్పుడు ప్రమోద్, షావలి పాట మొదలుపెడతారు. నేను రెండో గిటారు పట్టుకుంటాను. ఆ మధ్య చోటు రాగానే మేం చేతులు తీసేస్తాం. ఎవరూ గడియారం చూడొద్దు, ఎప్పుడు అందుకోవాలో నాకు తెలుసు. ఇవాళ ఒక్కరోజు ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఫోన్లు తీయొద్దు. పక్కవాడి భుజం మీద చెయ్యి వేయాలనిపిస్తే వేయండి.

వదిన ఇంకో సంగతి చెప్పింది. ఆయన పెట్టెతో అంబులెన్సు లంకకి పోయే రేవుకి చేరేసరికి పంటు అవతలి ఒడ్డున ఉందంట. ముప్పావుగంట ఆగారంట. ఊరు ఊరంతా ఆ ఒడ్డున నిలబడి చూస్తూ ఉంటే, అప్పుడు వచ్చిందంట. ఎక్కించుకుని తీసుకెళ్ళిందంట.

సత్తన్నకి పంటు వచ్చింది. మనకింకా రాలేదు.

అందరూ లేచి నిలబడండి.